పాఠం ఇంట్లో, లెక్క బడిలో: ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ ఎక్కడ చెడుతోంది?

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పదో తరగతిలో 38 మంది పిల్లలు. ట్రైనింగ్‌లో ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ గురించి విన్నాను. పిల్లలు ముందే పాఠం చూసొస్తే క్లాసులో లెక్కలు, ప్రయోగాలు చేయించవచ్చని ఆశపడ్డాను. యూట్యూబ్‌లో దొరికిన పాతిక నిమిషాల పాఠాల లింకులు రెండు వారాలు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చూసొచ్చింది తొమ్మిది మంది. మిగతావాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచీ బోర్డు మీద చెప్పాల్సి వచ్చింది. స్మార్ట్‌ఫోన్ 24 ఇళ్లలోనే ఉంది, అదీ చాలా ఇళ్లలో నాన్నతో పాటు పనికి పోతుంది. ‘టీచర్ పాఠం చెప్పడం మానేసి ఫోన్ చూడమంటోంది’ అని ఇద్దరు తల్లిదండ్రులు హెచ్.ఎం. గారితో అన్నారు. బడిలో ఒక డిజిటల్ ప్యానెల్ ఉంది, ల్యాబ్‌లో నాలుగు సెట్ల మీటర్లున్నాయి. వచ్చే నెల విద్యుత్ ప్రవాహం పాఠం మొదలుపెట్టాలి. ఈ పద్ధతి మాలాంటి బడికి పనికొస్తుందా? వదిలేయమంటారా? హెచ్.ఎం. గారేమో తొమ్మిదో తరగతికి కూడా మొదలుపెట్టమంటున్నారు.

జవాబు: టీచర్ గారూ, వదిలేయకండి. 38 మందిలో తొమ్మిది మంది, ఎవరూ అడగకుండా, పాతిక నిమిషాల పాఠం కూర్చుని చూశారంటే అది చిన్న విషయం కాదు. మీ ప్రయత్నం చెడింది లింకుల దగ్గర కాదు, మర్నాడు క్లాసులో. చూడనివాళ్ల కోసం మీరు పాఠం మళ్లీ మొదటి నుంచీ చెప్పారు కదా, అక్కడ. చూసొచ్చిన తొమ్మిది మంది అదే పాఠం రెండోసారి విన్నారు. చూడనివాళ్లకు ఏ నష్టమూ జరగలేదు. ఇలా రెండుసార్లు జరిగితే చాలు, ఆ తొమ్మిది మందీ చూడటం మానేస్తారు. ఎలాగూ టీచర్ మళ్లీ చెబుతుందని పిల్లలకు తెలిసిపోతుంది.

కాబట్టి అన్నిటికన్నా ముందు పెట్టుకోవాల్సిన నియమం ఇదే: ముందు ఇచ్చిన పాఠాన్ని క్లాసులో తిరిగి చెప్పకూడదు. చూడనివాళ్లను వదిలేయమని కాదు, వాళ్ల దారి వేరుగా ఉండాలి. ఆ దారేమిటో కిందకి వెళ్లాక చెబుతాను.

ఈ పద్ధతి పేరు వినగానే అందరికీ వీడియోలే గుర్తొస్తాయి. అందుకు కారణముంది. 2007లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, వుడ్‌లాండ్ పార్క్ హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పే జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు టీచర్లు, ఆటల పోటీలకు వెళ్లి క్లాసులు పోగొట్టుకునే పిల్లల కోసం తమ పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వాళ్లకు తట్టిన సంగతే అసలైనది. పిల్లలకు టీచర్ దగ్గర ఉండాల్సింది పాఠం వినేటప్పుడు కాదు, లెక్క దగ్గర ఆగిపోయినప్పుడు. మన దగ్గర జరిగేది దానికి సరిగ్గా తిరగేసి. సులువైన వినడం టీచర్ ముందు, కష్టమైన చేయడం రాత్రి ఇంట్లో, చెప్పేవాళ్లెవరూ లేని చోట. ఆ రెండింటినీ చోటు మార్చడమే ఫ్లిప్. వీడియో దానికి ఒక పనిముట్టు, అంతే.

వీడియో లేకుండా కూడా పని జరుగుతుందనడానికి ఇంకా పాత ఉదాహరణ ఉంది. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లోనే విద్యార్థులను పుస్తకంలో కొన్ని పేజీలు ముందే చదివి రమ్మనేవాడు. క్లాసులో ఉపన్యాసం తగ్గించి, ఒక ప్రశ్న వేసి, పక్కవాళ్లతో వాదించుకోమనేవాడు. ఫోన్ లేని 14 ఇళ్లున్న మీ తరగతికి ఈ రెండో దారే దగ్గర. మీరు రెండూ కలిపి వాడుకోండి.

ఇప్పుడు ముందు ఇచ్చే పని సంగతి. పాతిక నిమిషాలు చాలా ఎక్కువ. 2014లో ఎడెక్స్ అనే వెబ్‌సైట్‌లోని ఆన్‌లైన్ కోర్సుల మీద ఒక పరిశోధన వచ్చింది. 69 లక్షల సార్లు వీడియోలు చూసిన లెక్కలు తీస్తే, వీడియో ఎంత పొడవున్నా మామూలుగా జనం చూసింది ఆరు నిమిషాల లోపే. అవి ఇష్టపడి చేరిన పెద్దవాళ్ల కోర్సులు. పదో తరగతి పిల్లలకు, పక్కన టీవీ మోగుతున్న గదిలో, ఆరు నిమిషాలు కూడా ఎక్కువే. ఆరు నిమిషాల్లో ఒక్కటంటే ఒక్క విషయం. ఓం నియమం పాఠానికైతే: పొటెన్షియల్ భేదం పెంచితే ప్రవాహం అదే నిష్పత్తిలో పెరుగుతుంది, పొటెన్షియల్ భేదాన్ని ప్రవాహంతో భాగిస్తే వచ్చే మారని విలువ పేరే నిరోధం. వలయంలో అమ్మీటర్ ఎక్కడ, వోల్ట్‌మీటర్ ఎక్కడ. ఒక చిన్న లెక్క. దాంతో ఆపేయండి. విశిష్ట నిరోధం ఇంకో రోజుకు, శ్రేణి, సమాంతర సంధానాలు మరో రోజుకు.

వేరేవాళ్ల వీడియో కంటే మీ గొంతు నయం. మీ మాట పిల్లలకు అలవాటు, మీరు వాడే పదాలే క్లాసులో మళ్లీ వినబడతాయి. తల్లిదండ్రులకు కూడా ‘టీచరే చెబుతోంది’ అని కనబడుతుంది. తీయడానికి స్టాండు, మైకు ఏమీ అక్కర్లేదు. ఒక స్టూలు అంచున ఫోన్ పెట్టండి, కెమెరా మాత్రం అంచు దాటి బయటికి ఉండాలి. ఫోన్ కదలకుండా మీద బరువైన పుస్తకం. కింద నేల మీద తెల్లకాగితం. కుడిచేత్తో రాసేవాళ్లైతే కిటికీ వెలుతురు ఎడమ నుంచి పడాలి, లేకపోతే చేతి నీడ రాత మీదే పడుతుంది. స్కెచ్ పెన్‌తో లావుగా రాయండి, బాల్ పెన్ రాత చిన్న ఫోన్లో కనబడదు. ఫ్యాన్ ఆపేయండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోయే ఫోన్లు చాలా ఉన్నాయి. చెప్పబోయేది ముందు కాగితం మీద రాసుకోండి. చేతిరాతలో రెండు పేజీలు దాటిందంటే ఆరు నిమిషాల్లో ఇమడదు. ‘పిల్లలూ, అందరూ బాగున్నారా’తో మొదలుపెట్టి నిమిషం పోగొట్టకండి. మొదటి వాక్యమే విషయం మీద పడాలి. ఫైలు పెద్దదైతే మూడేసి నిమిషాల రెండు ముక్కలుగా పంపండి. పిల్లలు ఇంగ్లిష్ మీడియమైతే మాట తెలుగులో, రాత ఇంగ్లిష్‌లో ఉంటే మంచిది. పరీక్షలో చూడబోయే పదం కంటికి, అర్థం చెవికి అందుతాయి.

అదే విషయాన్ని ఒక కాగితానికి రెండు వైపులా రాసి జిరాక్స్ తీయండి. దీన్ని ‘ఫోన్ లేనివాళ్ల కాగితం’ అనకండి, 38 మందికీ ఇవ్వండి. ఫోన్ ఉన్న ఇంట్లో కూడా ఆడపిల్ల చేతికి రాత్రి ఫోన్ ఇవ్వని ఇళ్లున్నాయి, అది మీకు చెప్పుకోలేని పిల్లలున్నారు. కాగితం అందరి సంచిలోనూ ఉంటే ఎవరూ ఏదీ చెప్పుకోవాల్సిన పని లేదు. ప్యానెల్ ఉందన్నారు కాబట్టి అదే వీడియోను సాయంత్రం స్పెషల్ క్లాసు మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యాహ్న భోజనం తర్వాత ఒకసారి నడపండి. ఇష్టమైనవాళ్లు కూర్చుంటారు. ఫోన్ నాన్నతో పోయే ఇళ్ల కోసం గడువు కూడా మార్చండి. ‘రేపటికి చూసి రండి’ వద్దు. శుక్రవారం సాయంత్రం ఇచ్చి సోమవారం క్లాసు పెట్టుకోండి. మధ్యలో మూడు రాత్రులు, ఒక ఆదివారం ఉంటాయి. ప్రతిసారీ అదే రోజు అయితే ఇంట్లోవాళ్లకు కూడా అలవాటు పడుతుంది.

చూసొచ్చారా లేదా అని క్లాసులో అడిగితే అందరూ చేతులెత్తుతారు. అడగొద్దు, కాగితంతో పాటే ఒక చీటీ ఇచ్చి ఇంట్లో నింపి తెమ్మనండి. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక ముక్క చాలు. ఓం నియమానికి చీటీ ఇలా ఉండొచ్చు. పైన ఒక వలయం బొమ్మ, అందులో రెండు ఖాళీ గుండ్రాలు: ఏది అమ్మీటర్, ఏది వోల్ట్‌మీటర్ రాయాలి. దాని కింద: 3 వోల్టులకు 0.3 ఆంపియర్లు ప్రవహిస్తే నిరోధం ఎంత? చివరగా: ఈ పాఠంలో నీకు అర్థం కాని ఒక మాట గానీ వాక్యం గానీ రాయి. ఈ మూడోదే మీకు బంగారం. చీటీకి మార్కులు పెట్టకండి. మార్కులు పెట్టిన మరుక్షణం ప్రేయర్ టైంలో ఒకరి చీటీ పదిమంది దించేస్తారు. తప్పు రాసినా ఫర్వాలేదని, ఖాళీగా మాత్రం తేవద్దని చెప్పండి. మూడో ప్రశ్నకు ఐదుగురి చీటీల్లో ఒకే వాక్యం ఉంటే అది దించినదే. తిట్టకుండా, ఆ ఐదుగురినీ చూడనివాళ్ల దారిలోకి పంపండి.

ఇక సోమవారం పీరియడ్. ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం, మిగతా పాఠాలకు కూడా ఇదే అచ్చు పనికొస్తుంది. 45 నిమిషాలు మీ చేతిలో ఉన్నాయనుకుందాం.

మీరు తలుపు దగ్గర నిలబడి చీటీలు తీసుకోండి. లోపలికి వచ్చేలోపే మూడు కట్టలవుతాయి: సరిగ్గా రాసినవి, తప్పు రాసినవి, ఖాళీవి. దీనికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ పిల్లలు ఊరికే కూర్చోకుండా బోర్డు మీద ఒక ప్రశ్న రాసి ఉంచండి: ‘ఒకే తీగ. ముందు రెండు ఘటాలు (సెల్లు) పెట్టాం, ఇప్పుడు నాలుగు పెట్టాం. తీగ నిరోధం ఏమవుతుంది? 1. రెట్టింపవుతుంది. 2. సగమవుతుంది. 3. మారదు.’

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. నిరోధం అంటే వోల్టులను ఆంపియర్లతో భాగించడమని బట్టీ పట్టిన పిల్లాడు తడుముకోకుండా ‘రెట్టింపు’ అంటాడు. పైన వోల్టులు రెట్టింపయ్యాయి కదా అని. కింద ఆంపియర్లు కూడా రెట్టింపయ్యాయని అతనికి తట్టదు. సూత్రం వచ్చు, విషయం రాలేదు. పరీక్షలో లెక్క కరెక్టుగా చేసే పిల్లల్లో కూడా ఈ పొరపాటు దాగి ఉంటుంది, మామూలు పాఠంలో అది ఎప్పటికీ బయటపడదు. కళ్లు మూసుకుని, గుండెల దగ్గర వేళ్లతో ఒకటో రెండో మూడో చూపమనండి. ఎదుటివాళ్లకు కనబడకుండా అక్కడ పెట్టించాలి, లేకపోతే క్లాసు ఫస్టు వచ్చే పిల్ల ఏది చూపితే అందరూ అదే చూపుతారు.

మజూర్ పద్ధతిలో ఇక్కడ ఒక కొలత ఉంది. సరైన జవాబు నూటికి 30 మంది కంటే తక్కువ చెబితే చర్చ దండగ, మీరే విడమరిచి చెప్పాలి. 70 దాటితే ఒక మాట చెప్పి ముందుకు వెళ్లొచ్చు. మధ్యలో ఉంటేనే పక్కవాళ్లతో మాట్లాడించాలి. మీ 38 మందిలో అది సుమారు 12 నుంచి 26. ఆ మధ్యలో పడితే, ‘నీ జవాబుకు వేరే జవాబు చెప్పినవాళ్లను వెతుక్కుని రెండు నిమిషాలు ఒప్పించు’ అనండి. మళ్లీ వేళ్లు చూపించమనండి. ఇదంతా ఏడు నిమిషాల్లో అయిపోవాలి. సరైన జవాబు మీరు అప్పుడే చెప్పకండి. తీగనే చెప్పనిద్దాం.

38 మంది ఎనిమిది జట్లు: ఆరు జట్లలో ఐదుగురు, రెండింట్లో నలుగురు. మీటర్లు నాలుగు సెట్లే కాబట్టి నాలుగు జట్లు ప్రయోగం దగ్గర, నాలుగు జట్లు లెక్కల దగ్గర, 13 నిమిషాలకు చోట్లు మార్చాలి. ఒక్కో జట్టుకు మూడు 1.5 వోల్టుల ఘటాలు, స్విచ్చు, అమ్మీటర్, వోల్ట్‌మీటర్, ఒక మీటరు పొడవు 28 గేజి నిక్రోమ్ తీగ. ఆ తీగ నిరోధం దాదాపు 10 ఓములుంటుంది, లెక్కకు అనువు. పెన్సిల్ మీద చుట్టి ఇస్తే టేబుల్ మీద ఇముడుతుంది గానీ, చుట్లు ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే ప్రవాహం అడ్డదారిన పోయి నిరోధం తక్కువ వస్తుంది. నిక్రోమ్‌కు మామూలు సోల్డర్ పట్టదు, క్రొకడైల్ క్లిప్పులే వాడండి. చివరలు సాండ్ పేపర్‌తో రుద్ది ఉంచండి. అమ్మీటర్ 500 మిల్లీ ఆంపియర్లదైతే బాగుంటుంది. 3 ఆంపియర్లదాని మీద 0.14 అంటే ముల్లు కదిలీ కదలనట్టుంటుంది, ఒక్కొక్కరు ఒక్కో రీడింగ్ చెబుతారు. అదొక్కటే ఉంటే తీగను సగం మీటరుకు తగ్గించండి.

ఒక ఘటంతో మొదలుపెట్టి రెండు, మూడు. స్విచ్చు వేయాలి, రెండు మీటర్లూ చూడాలి, తీసేయాలి. వేసి వదిలేస్తే ఘటం బలం తగ్గి రీడింగులు జారిపోతుంటాయి. 1.4 వోల్టులకు 0.14 ఆంపియర్లు, 2.7కు 0.27, 4.0కు 0.40, ఇలాంటివి వస్తాయి. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: ఘటం మీద 1.5 అని ఉంది, మీటర్ 1.4 చూపిస్తోందేం? ‘సుమారుగా అంతేలే’ అని దాటవేయకండి. ఘటానికీ లోపల కొంత నిరోధం ఉంటుంది, ప్రవాహం పోయేటప్పుడు కొంత వోల్టేజీ అక్కడే ఖర్చవుతుంది. తీగ విప్పేసి ఘటం చివర్ల మధ్య ఒకసారి కొలిచి చూడమనండి, కొత్త ఘటమైతే 1.5 దగ్గరికి వస్తుంది. మూడు నిష్పత్తులూ 10 దగ్గరే ఆగాయని పట్టికలో చూశాక, బోర్డు మీది ప్రశ్నకు జవాబు మీరు చెప్పక్కర్లేదు.

ఈ 13 నిమిషాలూ మీరు కుర్చీ దగ్గరికి వెళ్లకూడదు. ఒక్కో ప్రయోగం జట్టు దగ్గర మూడు నిమిషాల లోపు. ముల్లు వెనక్కి కొడుతోందంటే ప్లస్, మైనస్ మారాయి. అమ్మీటర్ అసలు కదలడం లేదు, వోల్ట్‌మీటర్ మాత్రం చూపిస్తోందంటే వోల్ట్‌మీటర్‌ను శ్రేణిలో కలిపేశారు. దాని నిరోధం చాలా ఎక్కువ, ప్రవాహాన్ని పోనివ్వదు. అమ్మీటర్ ముల్లు ఒక్కసారిగా చివరికి కొట్టుకుందంటే దాన్ని సమాంతరంగా పెట్టారు, వెంటనే స్విచ్చు తీయించండి, మీటర్ పోతుంది. అందుకే స్విచ్చు వేసే ముందు ప్రతి జట్టూ వలయాన్ని మీకు చూపించాలని పెట్టుకోండి. తప్పు కనబడితే మీరు తీగ మార్చకండి. ‘వోల్ట్‌మీటర్ ఏ రెండు బిందువుల మధ్య కొలవాలి? ఇప్పుడెక్కడ ఉంది?’ అని అడిగి పక్క జట్టుకు వెళ్లండి. తిరిగి వచ్చేసరికి మారుస్తారు. చేయి పెట్టకుండా ఉండటమే ఈ పద్ధతిలో టీచర్‌కు అన్నిటికన్నా కష్టమైన పని.

లెక్కల జట్లకు ఐదు లెక్కలున్న కాగితం. మొదటి రెండు సూత్రంలో పెట్టేస్తే వచ్చేవి, తర్వాతి రెండింట్లో మిల్లీ ఆంపియర్లను ఆంపియర్లుగా మార్చుకోవాలి, చివరిది పాత పబ్లిక్ పరీక్ష స్థాయిది. మీరు ఇదివరకు హోంవర్క్‌గా ఇచ్చేవే ఇవి. చీటీల్లో తప్పు రాసినవాళ్లు ఎక్కువగా ఉన్న జట్టును మొదట ప్రయోగానికి పంపండి, చేత్తో చూశాక లెక్క సులువవుతుంది. చివరి ఐదు నిమిషాలు చీటీల్లోని మూడో ప్రశ్నకు. ఎక్కువమంది రాసిన సందేహాలు రెండు తీసుకుని జవాబు చెప్పండి, రాసిందెవరో చెప్పకండి.

ఇప్పుడు చూడకుండా వచ్చినవాళ్ల సంగతి. వాళ్లను నిలబెట్టడాలు, బయటికి పంపడాలు వద్దు. వెనక బెంచీలో వాళ్లకు ఒక చోటు ఉండాలి. అక్కడ కాగితం ఉంటుంది, వీలైతే వీడియో ఉన్న మీ ఫోనో ట్యాబో ఉంటుంది. ఎనిమిది నిమిషాల్లో చదివి, చీటీ నింపి, మీకిచ్చి జట్టులో కలుస్తారు. వాళ్లు పోగొట్టుకునేది వేళ్ల ఓటు, వాదన, తీగలు కలపడంలో మొదటి వరస. పదిహేనేళ్ల పిల్లలకు ఆ లోటు చాలు. కానీ ఒకరే ప్రతిసారీ ఆ బెంచీలో కనబడుతున్నారంటే అది బద్ధకం కాకపోవచ్చు. పత్తి తీతలకో మిర్చి కోతలకో వెళ్తున్నారేమో, ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకుంటున్నారేమో విడిగా కనుక్కోండి.

మొదటిసారి సగం మంది ఖాళీ చీటీలతో వస్తే కంగారు పడకండి. మూడోసారి కూడా సగం మందికి పైగా అలాగే వస్తే మాత్రం ఇంటి మీద ఆశ వదిలేసి, ఆ ఆరు నిమిషాల్నీ బడిలోకే తెచ్చేయండి. అప్పుడు మూడు చోట్లు: ప్యానెల్ దగ్గర వీడియో, మధ్యలో ప్రయోగం, ఒక వరసలో లెక్కలు. పిల్లలు 13 నిమిషాలకోసారి చోటు మారతారు. పాఠం వినకముందే ప్రయోగానికి వచ్చే జట్టుకు మీ సాయం కొంచెం ఎక్కువ కావాలి, అంతే తేడా. దీన్ని తక్కువ రకంగా అనుకోవద్దు. ఇంట్లో ఏ సదుపాయమూ లేని పిల్లలకు ఇదే న్యాయమైన రూపం. రెసిడెన్షియల్ స్కూళ్లకైతే ఇంకా సులువు, సాయంత్రం స్టడీ అవర్‌లో ఆరు నిమిషాలు తీసుకుంటే సరిపోతుంది.

తల్లిదండ్రుల మాటకు కోపం తెచ్చుకోకండి. వాళ్లకు గుర్తున్నది కరోనా కాలం. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు వచ్చాయి, పిల్లలు టీవీ ముందు, ఫోన్ ముందు నెలల తరబడి కూర్చున్నారు. అప్పుడు టీచర్ దగ్గర లేరు, ఇప్పుడూ అదే జరుగుతోందని భయం. మీరు చెప్పాల్సిన మాట ఒక్కటే: ఇంట్లో ఆరు నిమిషాలు, హోంవర్క్ మాత్రం ఇకపై బడిలో నా ముందు. ఆ మాట నిజమై ఉండాలి. వీడియో ఇచ్చి, మళ్లీ హోంవర్క్ కూడా ఇస్తే పిల్లల మీద రెట్టింపు బరువు పెట్టినట్టే. చాలాచోట్ల ఈ పద్ధతి మీద విసుగు పుట్టేది అక్కడే. ఫిర్యాదు చేసిన ఆ ఇద్దర్నీ ఒక సోమవారం పీరియడ్‌కు రమ్మనండి. వెనక నిలబడి, తమ బిడ్డ తీగలు కలుపుతుంటే చూడనివ్వండి.

అన్ని పాఠాలకూ ఇది పనికిరాదు. దర్పణాలకు సంజ్ఞా సంప్రదాయం, రసాయన సమీకరణాలను తుల్యం చేసే మెట్లు, సూత్రాల ఉత్పాదనలు, ప్రమాణాలు: ఇవి ముందు ఇవ్వడానికి బాగుంటాయి, ఆగి వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. ఆశ్చర్యంతో మొదలవ్వాల్సినవి ఇవ్వకండి. సంపూర్ణాంతర పరావర్తనం వీడియోలో ముందే చూసేస్తే, క్లాసులో నీటిధారతో పాటు లేజర్ వెలుగు వంగి పడటం చూసినప్పుడు ఆ నోరు తెరుచుకోవడం ఉండదు. అలాంటి చోట ముందు ప్రయోగం, ఆ రాత్రి వీడియో. తరగతి గదిలో పుట్టిన ప్రశ్నకు ఇంట్లో జవాబు వెతుక్కోవడం కూడా ఈ పద్ధతికి మంచి రూపమే.

మీ శ్రమ గురించి కూడా ఆలోచించండి. మొదటి వీడియో, కాగితం, చీటీ, లెక్కలు తయారు చేసేసరికి ఒక ఆదివారం సగం పోతుంది. పక్షానికి ఒకటి చాలు. ఏడాదిలో పదో పన్నెండో అవుతాయి, వచ్చే ఏడాది అవి తయారుగా ఉంటాయి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఇద్దరు ముగ్గురు ఫిజికల్ సైన్స్ టీచర్లు తలా కొన్ని పాఠాలు పంచుకుంటే పని ఇంకా తగ్గుతుంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో, ప్రభుత్వ పాఠాల యాప్ అయిన దీక్షలో తెరుచుకునే వీడియోలు కూడా చూడండి. పొట్టిగా, విషయం సూటిగా ఉంటే వాడుకోండి, కానీ మీరు మొత్తం చూడకుండా ఏదీ పంపవద్దు.

ఫలితం ఎలా తెలుస్తుందంటే, మూడు లెక్కలు రాసుకోండి: ఖాళీ చీటీలు ఎన్ని, వేళ్ల ఓటులో మొదటిసారి, రెండోసారి సరైనవి ఎన్ని, మూడు వారాల తర్వాత అదే రకం ప్రశ్నను చెప్పకుండా స్లిప్ టెస్టులో ఇస్తే ఎంతమంది నిలబడ్డారు. మూడోది ముఖ్యం. క్లాసులో సందడి బాగుందని మురిసిపోయి, మూడు వారాలకు ఏమీ మిగలకపోతే ఆ పాఠంలో లెక్కల భాగం తక్కువైందని అర్థం.

తొమ్మిదో తరగతి సంగతి హెచ్.ఎం. గారికి మర్యాదగా ఇలా చెప్పండి. ముందు పదో తరగతిలో మూడు పాఠ్యాంశాలు, ఆరు వారాలు. ఆ చీటీల కట్టలు, స్లిప్ టెస్టు మార్కులు టేబుల్ మీద పెట్టుకుని కూర్చుందాం సార్, తొమ్మిది గురించి అప్పుడు మాట్లాడదాం అని. ఈలోగా మీటర్ల సెట్లు ఇంకో రెండు, ఒక చుట్ట నిక్రోమ్ తీగ కొనిపెట్టమని అడగండి.